లెక్కలో లేని అక్షరాలు

అక్షరానికి ఇరవై రూపాయలు.
వత్తు, గుణింతం అందులోనే.
మా మేనమామ పెట్టిన పద్ధతి,
రేటు మారింది గని లెక్క మారలే.

జమ్మికుంట మాజీ సైనికుల పార్కుల
బెంచీ వేస్తున్నమని
సంఘం పెద్దమనుషులు ముగ్గురొచ్చిండ్రు.
రాయి వాళ్లదే.
నడుమ ఎర్రజీర అడ్డం పడ్డదని
ఓడ ఎక్కకుండ
క్వారీల మిగిలిపోయిన నల్ల పలక.
కాగితం మీద రాసిచ్చిండ్రు:

హవల్దార్ జక్కుల ఓదెలు
మరియు వారి సతీమణి
జ్ఞాపకార్థం

ఇరవై మూడక్షరాలు. నాలుగొందల అరవై.
"సతీమణికి పేరు లేదా?" అన్న.
ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.
"హవల్దారమ్మ అంటరు గదా అందరు."
ఒకాయన ఎవరికో ఫోన్ కలిపి
సిగ్నల్ లేదన్నడు.

ఓదెలు గురించైతే ముగ్గురూ చెప్తరు.
మంచు కొరికిన రెండు వేళ్లు,
బ్యాంకు గేటు కాడ స్టూలు మీద పదిహేనేండ్లు,
ఈ పార్కుల ప్రతి వేపమొక్కకు
బోరింగు నుంచి మోసిన బిందెలు,
పంద్రాగస్టు జెండాకు ఆయనే వేసే ముడి,
ఇంకెవరన్న వేస్తె విప్పి మల్ల వేసేటోడు.

ఆమె పేరు నాకు తెలుసు.
వజ్రమ్మ.

పెండ్లయిన కొత్తల
మొగని మొదటి ఉత్తరం
పోస్టుమ్యాన్ నవ్వుకుంట చదివి పెట్టిండట.
ఆ మాపే పలక కొన్నది.
అ ఆలు దిద్దింది ఆయన ఉత్తరాల మీదనే,
అందుకే చివరిదాంక
ఆమె రాత ఆయన రాతలెక్కనే కుడికి వాలి ఉండేది.

తర్వాత శనివారం శనివారం
పోస్టాఫీసు అరుగు మీద
మిలిటరీకి పోయినోళ్ల ఇండ్ల ఆడోళ్లకు
ఆమెనే చదివేది.
మా అమ్మ పత్తి చేన్ల నుంచి సీదా అక్కడికే,
నడుముకు కట్టిన ఒడి కూడ విప్పక.
నేను మెట్ల మీద పుల్ల ఐసు చీక్కుంట వినేటోణ్ణి.

మా నాయన ఉత్తరం చివర ఒక మాట ఉండేది:
"నడుమ నడుమ కూసో."
పక్కింటి మల్లవ్వ మొగడు అస్సాంల ఉంటడు,
ఆయనా గదే రాస్తడు.
ఇల్లందకుంట రాజీరు మొగడు
ఇంటికాడ ఉన్నప్పుడు మాట్లాడనే మాట్లాడడు,
ఆయనా గదే రాస్తడు.

పెద్దయినంక అడిగిన.
"నీకు అనుమానం రాలేదానె అమ్మా?"
"రాదా మరి!
మీ నాయన నా నడుం నొప్పి ఎన్నడడిగిండు?"
"మరి ఆమెను అడగలేదా?"
"ఎందుకడుగుత?
మల్ల శనివారం ఆ మాట వినద్దా?"

నాయన పింఛనుతో వచ్చి
పదకొండేండ్లు బతికిండు.
నడుం సంగతి అడగలే.

*

తొమ్మిదక్షరాలు కొట్టేసిన,
మరియు, వారి, సతీమణి.
మూడు పెట్టిన.
ఓదెలు పేరెంత లోతో ఆమెదీ అంతే లోతు,
ఉలికి తేడా తెల్వకుండ.
నాకు నూట ఇరవై నష్టం.

పలకను బోర్లేసిన రాత్రి
కూలోళ్లు చాయికి పోయిండ్రు.
కూసుంటె కనపడని దిక్కు,
ఎర్రజీర పొంటి,
ఎనిమిదక్షరాలు.
కాస్త కుడికి వాల్చి చెక్కిన.
బిల్లుల రాయలే.

రిబ్బన్ కత్తిరించిన నాడు
మైకుల మల్ల హవల్దారమ్మ అనే అన్నరు.
రాయి ఏమంటది?
ఫోటోలు దిగిండ్రు, లడ్డూలు పంచిండ్రు,
ఎవరూ కూసోలే, ఎండకు కాలుతున్నది.

నాలుగు దాటినంక
జిన్నింగు మిల్లు ఆమె ఒకామె
టిఫిన్ డబ్బా పట్టుకొని అడ్డదారిన వచ్చింది.
తల నిండ దూది పింజలు.
పేర్లు చదవలే.
ఒక చెయ్యి నడుం మీద పెట్టి
ఇటు చూసింది, అటు చూసింది.
రాయి ఇంక వేడి మీదనే ఉన్నది.
కొంగు మడిచి వేసుకొని
కూసున్నది.